కుర్చీ ఇరవై నాలుగు, వంటిల్లు పదమూడు

సముద్రం మా పార్ను ఊరి వీధుల్లోకొచ్చి, నేలమాళిగల్లో దాచుకున్న బంగాళాదుంపలు నీళ్ళ మీద తేలిన ఏడాదికి ఆరేళ్ళ తరవాత జరిగింది ఇది. మార్చి నెల, గురువారం. మా ఆవిడ సాల్మె మెట్లు కడుగుతోంది. మామూలుగా శనివారం కడుగుతుంది. ఆ సాయంత్రం మీటింగు ఉంది కాబట్టి ముందే కడిగింది.

మా బిల్డింగులో పన్నెండు ఇళ్ళు, ఒకటే మెట్లదారి. మీటింగంటే కోట్లు వేసుకుని ఎవరి అంతస్తు దగ్గర వాళ్ళు నిలబడటమే. ఆ మెట్లని ఇరవై ఏళ్ళుగా సాల్మే కడుగుతోంది. కడగమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. బిల్డింగులో ఇళ్ళవాళ్ళ సంఘం కాగితాలూ అంతే. చేపల ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కదా, రాసేది ఆవిడ, కింద సంతకం పెట్టేది అధ్యక్షుడు కాల్యు. "నీ దస్తూరీ బావుంటుంది సాల్మె" అనేవాడు. అదే జీతం.

మా ఊళ్ళో ఇళ్ళకి వేడి గొట్టాల్లో వస్తుంది. ఊరి బాయిలరు నుంచి వేణ్ణీళ్ళు ఒక్కో ఇంట్లో ఇనప రేడియేటర్ల గుండా తిరిగి పోతాయి. దారిలో ముందున్నవాడు ఉక్కపోసి కిటికీ తెరుస్తాడు, చివరనున్నవాడు వణుకుతాడు. బిల్లు మాత్రం గది కొలతని బట్టి అందరికీ పడుతుంది. సోవియట్ రోజుల్లో నేను ప్లంబరుకి ఒక వోడ్కా సీసా ఇచ్చి, నా కుర్చీ పక్క రేడియేటరుకి ఆరు రెక్కలు అదనంగా వేయించుకున్నాను. మగవాళ్ళం చాలామందిమి అదే పని చేశాం. తెలివనుకున్నాం. ఆ రెక్కలు తాగేసిన వేడి మా వంటింటికి అందలేదు. పైకప్పు కింద ఒంటరిగా ఉండే రష్యన్ ముసలావిడ వెరాకీ అందలేదు.

చలి వేస్తోందని సాల్మె ఒకసారి అంది. ఎప్పుడో తొంభైల్లో. "పొయ్యి దగ్గరుండే మనిషికి చలేమిటి?" అన్నాను. మళ్ళీ అనలేదు. ఉన్ని చొక్కా ఒకటి అల్లుకుని, చలికాలమంతా వంటింట్లో అది తొడుక్కునేది. ఆ మాట నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదని చాలా ఏళ్ళకి తెలిసింది. దుంపలు ఒలుస్తూ, పిండి కలుపుతూ, నా చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకునేదట. పొయ్యి నాకోసం వెలిగించుకున్నానా, వేడి పొయ్యిది, వంట వాళ్ళది, మరి ఈ వేళ్ళు మొద్దుబారడం ఎవరిది అనుకునేదట. వెరా చలికాలం అంతా మంచం దిగదు, నేను మంచం ఎక్కడానికి లేదు, మా ఇద్దరిలో ఎవరు నయం అనుకుని నవ్వుకునేదట. ఒక్కత్తే. పక్కగదిలో నేను చొక్కా చేతులు మడిచి పేపరు చదువుకుంటున్నాను.

ఆ ముందు డిసెంబరులో సాల్మె బజారుకెళ్ళి, పసిపిల్లల స్నానం నీళ్ళలో వేసే చెక్క థర్మామీటర్లు సంచీ నిండా తెచ్చింది. ఇంటికొకటి తగిలించింది. శనివారం బకెట్‌తో తలుపు తడితే ఏ మగాడు అడ్డం చెప్తాడు? మెట్ల మనిషే కదా అని తెరిచేవాళ్ళు. నోట్‌బుక్కులో అంకె రాసుకునేది. మా ఇంట్లో రెండు తగిలించింది. ఎందుకో నేను అడగలేదు.

ఆ సాయంత్రం అందరూ చేరారు. గోడలకీ పైకప్పుకీ మందమైన దుప్పటిలాంటి పొర వేయించాలి, గొట్టాలు మార్చాలి. సంఘం పేరున బ్యాంకు అప్పు, పదిహేనేళ్ళు. ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది. కాగితాలన్నీ సాల్మె సిద్ధం చేసింది. పన్నెండు ఇళ్ళలో ఏడు ఒప్పుకుంటే అప్పు వస్తుంది. ఆ రోజు కాదంటే ప్రభుత్వం సొమ్ముకి గడువు దాటిపోతుంది, వెరా ఇంకో చలికాలం అలాగే గడపాలి.

"అప్పు కట్టకపోతే బ్యాంకువాళ్ళు మన ఇళ్ళు లాక్కుంటారు" అన్నాడు కాల్యు.

"లాక్కోరు. ఏ ఇల్లూ తాకట్టులో లేదు" అంది సాల్మె. "ఇప్పుడు మనం కట్టే బిల్లులో సగం వీధిని వేడిచేయడానికే పోతోంది. ఆ సగమే అప్పుకి కడదాం. వేడి ఇంట్లో ఉంటుంది."

"పదిహేనేళ్ళు సాల్మె! నువ్వెక్కడుంటావు అప్పటికి?"

"ఎక్కడున్నా సరే కాల్యు. అక్కడ చలి వేస్తే నీకు ఫిర్యాదు చెయ్యను."

పై మెట్ల నుంచి వెరా అరిచింది. "నేను నాలుగు దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నానయ్యా! అందులో ఒకటి కుక్క!"

జనం నవ్వారు. కాల్యు మొహం ఎర్రబడింది. "అయినా నీకు ఓటెక్కడిది? ఇల్లు ఇల్మార్ పేరున ఉంది కదా" అన్నాడు. ఇల్మార్ అంటే నేనే. అందరూ నావైపు చూశారు. నేను మెట్ల వైపు చూశాను. కడిగిన మెట్లు, ఇంకా తడి ఆరలేదు.

"అవును, నాకు ఓటు లేదు" అంది సాల్మె. నోట్‌బుక్కు తెరిచింది. ఎవరి పేరూ చెప్పకుండా, అంకెలు మాత్రం చదివింది. ఒక ఇల్లు ఇరవై ఆరు డిగ్రీలు, కిటికీ తెరిచి ఉంది. ఒక ఇల్లు పదకొండు, కుక్క ఉంది. చివరికి, "ఒకే ఇల్లు. భర్త కుర్చీ దగ్గర ఇరవై నాలుగు. భార్య వంటింట్లో పదమూడు."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎవరి వంటింటి అంకె వాళ్ళకి తెలుసు.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అంది.

వెరాది లేచింది. తరవాత కింది అంతస్తులో రెండు. ఒకావిడ, మొగుడి మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిది. నేనూ ఎత్తాను. నాది బరువైన చెయ్యి, నెమ్మదిగా లేచింది.

కాల్యు తాళాలగుత్తి రెయిలింగు మీద పెట్టాడు. "అంత తెలిసినదానివి నువ్వే మొయ్యి ఈ అధ్యక్ష పదవి!"

"మోస్తాను. పదవికి ఇల్లు పేరున ఉండక్కర్లేదు. ఇరవై ఏళ్ళు బకెట్ మోశాను, ఇదేం బరువు?" అని తాళాలు జేబులో వేసుకుంది. "బకెట్ ఇకనుంచి వారానికొక ఇల్లు మోస్తుంది. అదీ మినిట్స్‌లో రాయండి. కాల్యు, నువ్వే రాయి. నీ దస్తూరీ కూడా బావుంటుంది."

మెట్లదారి మొత్తం చప్పట్లతో మోగింది. మా మనుషులు పెళ్ళిలో కూడా అంత చప్పుడు చెయ్యరు.

ఇంటికొచ్చాక ఆవిడ ఉన్ని చొక్కా తీసి మేకుకి తగిలించింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి.

"నా చెయ్యి చూశావా?" అన్నాను.

"చూశాను. అప్పటికే ఎనిమిది అయ్యాయి."

"ముందే అడిగితే ఎత్తేవాణ్ణి కదా."

"అందుకే అడగలేదు ఇల్మార్. నీది లేకుండా గెలవాలని పదకొండు ఇళ్ళే తిరిగాను."

కోపంగా అనలేదు. పాటలాగా అంది. తరవాత వెళ్ళి నా కుర్చీలో కూర్చుంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ అందులో కూర్చోవడం నేను చూడలేదు. కాళ్ళు చాపి కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున సాల్మె మంచి కోటు వేసుకుని బ్యాంకులో సంతకం పెట్టడానికి వెళ్ళింది. ఆవిడ సంతకమే, ఆవిడ పేరే. నేను మేకు మీది ఉన్ని చొక్కా తీసి తొడుక్కున్నాను. బొత్తాలు పట్టలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని థర్మామీటరు చూశాను. పదమూడు. దుంపల బుట్ట ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాను.