కొట్టెయ్యని పేరా

"కూర మాడుతోంది చూసుకో. పాఠం తర్వాత రాద్దువుగాని," అన్నారు అత్తగారు. మా ఆయన లెక్కలో పాఠమూ ముందే, కూరా ముందే. ఎనిమిదో తరగతి పౌరశాస్త్రం పాఠ్యప్రణాళిక కమిటీకి ఆయన కన్వీనరు. నేను సోషల్ టీచర్ని గనక పాఠాలు రాసేది నేను, కింద పేరు పెట్టుకునేది ఆయన. వంటింట్లో చేయి సాయం ఎరగడు గానీ, చేయి చేసుకోవడానికి మాత్రం ఎవరి సాయమూ అడగడు. పాఠం నాది, గుణపాఠం ఆయనది.

ఈసారి పాఠం 'దేశాల మధ్య శాంతి'. చివర నేనొక పేరా చేర్చాను: ఒక దేశంలో మనుషుల్ని హింసిస్తుంటే, అది వాళ్ల సొంత వ్యవహారమని ఇరుగుపొరుగు దేశాలు ఊరుకోకూడదు, అడగాలి. చదువుతున్న ఆయన అక్కడ ఆగాడు.

"ఎవరింటి సంగతి వాళ్లది. కొట్టెయ్యి."

"పిల్లలకు తెలియాల్సింది అదేనండీ. ఉండనివ్వండి."

కొట్టెయ్యమన్నది పేరాను, కొట్టింది నన్ను. ముందు స్టీలు స్కేలుతో వీపు మీద. తర్వాత జుట్టు పట్టుకుని తలను స్టవ్ గట్టుకేసి, ఒకసారి, ఇంకోసారి. చెవిలోంచి మెడ మీదికి వెచ్చగా ఏదో దిగింది. కింద పడ్డ కాగితాల మీద శాంతికి ఎర్ర సిరాతో దిద్దుబాట్లు పడ్డాయి. ఎదురింట్లో టీవీ గొంతు పెరిగింది. అత్తగారు వచ్చి స్టవ్ ఆపి, "వాడికి ఎదురు చెప్పడమెందుకే," అంటూ నేల తుడిచే గుడ్డ నా చేతికిచ్చారు. నా రక్తం నేనే తుడిచాను. ఇంటిపని కదా, ఇంకెవరు చేస్తారు?

మర్నాడు బడిలో నమూనా పాఠం. పాఠం అచ్చుకు వెళ్లేముందు కమిటీ సభ్యులు పిల్లల బెంచీల మీద కూర్చుని, పిల్లల్లాగే చేతులెత్తి ప్రశ్నలడగాలి. టీచరు లెమ్మంటే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి. ఆ పద్ధతి మా ఆయన పెట్టిందే. మోకాళ్లు బల్లలకు కొట్టుకుంటూ, మా ఆయనతో, మా బడి డ్రిల్లు టీచరమ్మతో కలిపి ఏడుగురు పెద్దపిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. నేను జుట్టు చెవి మీదికి దించుకుని పాఠం చెప్పి, చివర ఆ పేరా కూడా చదివాను.

ఆయన నవ్వుతూనే చేయెత్తాడు. "టీచర్, పక్కవాళ్ల గొడవ మనకెందుకండీ?"

అందరూ నవ్వారు.

"మంచి ప్రశ్న. లేచి నిలబడి అడుగు," అన్నాను. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అదే నా మొదటి ఏకవచనం. ఆయన లేచాడు.

"దీనికొక ఉదాహరణ," అని సుద్దముక్కతో బోర్డు మీద మా ఇంటి నంబరు రాశాను. "నిన్న సాయంత్రం ఈ ఇంట్లో, ఇప్పుడు నిలబడ్డ ఈయన, ఈ పేరా కోసం నా తల గట్టుకేసి కొట్టారు. నాకు కుడి చెవి వినిపించడం లేదు. పాఠం అయ్యాక పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. ఇరుగుపొరుగుగా మీరేం చేస్తారో చెప్పండి."

ఆయన గొంతు సవరించుకుని, మెల్లగా కూర్చోబోయాడు.

"టీచర్ కూర్చోమనలేదు," అన్నారు చివరి బెంచీలోంచి డ్రిల్లు టీచరమ్మ, తన హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని నా వైపు వస్తూ.