బఠాణీ సాళ్ళలో చెంచా

తమ్ముడు ట్రాక్టరెక్కుతూ "పోతున్నానక్కా" అన్నప్పుడల్లా అక్క గుండె గతుక్కుమనేది.

"వెళ్ళొస్తాననరా! నోరు తిరగదా నీకు?" అని వంటింటి కిటికీలోంచి అరిచేది.

"పొలం ఇంటి వెనకేగా. నా బట్టతల కూడా కనిపిస్తుంది నీకు అక్కణ్ణుంచి."

కనిపిస్తే మాత్రం? పోవడానికి దూరంతో పనేముంది? అగ్గిపెట్టె తెస్తానని వీధి చివరి కొట్టుకు వెళ్ళిన నాన్న మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు. అప్పట్నుంచి గుమ్మం దాటే ప్రతి మనిషి వీపూ అక్కకు భయమే. తమ్ముడు ఒంటిగాడు. ఈ ఇంట్లోనే పెరిగాడు, ఈ పొలమే దున్నాడు. లెక్కలూ బేరాలూ అక్క మొగుడివి, ట్రాక్టరు తమ్ముడిది. దుక్కి రోజుల్లో సాయంత్రం బండి దిగాక వాడు కాసేపు వెనక టైరు పట్టుకుని నిలబడేవాడు. అదేమిట్రా అంటే ఎండకు కళ్ళు తిరిగాయనేవాడు.

అలాంటి ఇంటికి మిషన్లమ్మే ఆయన వచ్చి, మజ్జిగ తాగుతూ తను అమ్మే విత్తనాలు వేసే డ్రిల్లు గొప్పలు మొదలుపెట్టాడు.

"పొలమంతా దున్నే పనే లేదమ్మా. గింజ పడేచోట బెత్తెడు పట్టీ మాత్రం కదిలిస్తుంది. అందులోనే విత్తనం, దాని పక్కనే ఎరువు. వెనక చక్రం నొక్కేస్తుంది. పట్టీకీ పట్టీకీ మధ్య పాత కొయ్యకాళ్ళు అలాగే ఉంటాయి, తేమ ఎక్కడికీ పోదు. దున్నడం, చదును చెయ్యడం, విత్తడం, అన్నీ ఒకేసారి! ఇక మీకు దున్నే మనిషితో పనే ఉండదు."

"బాగుంది. అయితే నేను వెళ్ళి విత్తనాల కొట్లో కూర్చుంటా. ఫ్యాను కింద కుర్చీ ఇస్తామంటున్నారు," అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

అందరూ నవ్వారు, అక్క తప్ప. నవ్వుతూ అన్న మాటలే నిజమవుతాయని ఆమెకు గట్టి నమ్మకం. మిషను వస్తుంది, తమ్ముడు పోతాడు. అంతే.

ఏది కొనాలో తేల్చుకోవడానికి మిషన్లాయన రెండు రకాలు తెచ్చాడు. ఒకటి డిస్కులది, పళ్ళేల్లాంటి చక్రాలు నేలను కోసుకుంటూ పోతాయి. రెండోది కర్రులది, ఉక్కు కాళ్ళు మట్టిని చీల్చి పక్కకు తోస్తాయి. గోధుమ కోసిన చేలో గేటుకు ఈ పక్క సగం దానితో, ఆ పక్క సగం దీనితో బఠాణీలు విత్తారు. ఏ సగం బాగా మొలిస్తే ఆ మిషను, రెండూ మొలవకపోతే రెండూ వెనక్కి అని ఒప్పందం.

పని అయ్యాక చేను చూసి తమ్ముడే పెదవి విరిచాడు. "ఇదేం విత్తడం బావా? గడ్డం గీసుకోకుండా పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టుంది."

"గడ్డమున్నా పెళ్ళి ఆగదులే," అన్నాడు బావ.

మర్నాటి నుంచి అక్కకు నిద్ర పట్టలేదు. బఠాణీలు మొలవకూడదు. మొలిస్తే తమ్ముడు పోతాడు. కానీ గింజను మట్టిలో కుళ్ళిపొమ్మని కోరుకోవడమేమిటి, పాపం కాదూ? ఈ రెంటి మధ్యా నలిగి నలిగి, పొద్దున్నే మగాళ్ళు లేవకముందే కొంగులో టీ చెంచా దాచుకుని చేలోకి వెళ్ళేది. గేటు పక్క సాళ్ళలో మట్టి తీసి, గింజ ఉబ్బిందా, ముక్కు పగిలిందా అని చూసేది. చూసి, మళ్ళీ కప్పి, "పడుకో తల్లీ" అనేది. రోజూ అక్కడక్కడే, కాస్త అటూ కాస్త ఇటూ. గట్టు మీది కాకులు ఆమెను శ్రద్ధగా గమనించేవి.

"ఈ ఇంట్లో చెంచాలకు కాళ్ళొచ్చాయా?" అని ఆమె మొగుడు టీలో పంచదారను గరిటె కాడతో కలుపుకునేవాడు.

ఆయనకో అలవాటుంది. చేను చూడ్డమంటే గేటు మీద మోచేతులానించి చూడ్డమే. బూట్లకు మట్టి అంటనివ్వడు. గేటు దగ్గర బాగుంటే చేనంతా బాగున్నట్టే. ఎన్నో ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు కూడా. మొలకలొచ్చే వేళకు ఒక సాయంత్రం అలాగే చూసొచ్చి వరండాలో కూలబడ్డాడు.

"రెండు మిషన్లూ దండగే. సాళ్ళు పళ్ళూడిన దువ్వెనల్లా ఉన్నాయి. ఏ ఎలకలు తిన్నాయో, అసలు గింజే పడలేదో! ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా. పాత పద్ధతిలోనే దున్నుకుందాం."

అక్క ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో తమ్ముడి టీలో పంచదార రెండుసార్లు వేసింది.

తమ్ముడు టీ ముట్టుకోలేదు. "అయితే బావా, నేను కొట్టు వాళ్ళకు సరేనని చెప్పేస్తా. ఇంకో దుక్కి నా వల్ల కాదు. పొద్దస్తమానం మెడ తిప్పి నాగలిని చూసుకుంటూ కూర్చుని కూర్చుని నడుం పోయింది."

"తెలుసురా. మరి ఈ మిషన్ల తంటా అంతా ఎవరి కోసమనుకున్నావ్?"

"నీకెలా తెలుసు?"

"పెళ్ళాన్నయినా వాటేసుకోకుండా సాయంత్రం పూట టైరును వాటేసుకునే మగాణ్ణి నిన్నే చూశాను."

"నాకు పెళ్ళామెక్కడుంది బావా?"

"అదే చెప్తున్నా!"

అక్క పళ్ళెం గబుక్కున కింద పెట్టింది. అంటే మిషను వస్తే పోయేవాడు కాదు, రాకపోతే పోయేవాడు. ఇన్నాళ్ళూ ఆమె తలకిందులుగా భయపడింది! అప్పటికే మొగుడు ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"ఆపండి! అవి ఎలకలు కాదు."

"మరి?"

"నేను."

ఫోన్లో మిషన్లాయన హలో హలో అంటూనే ఉన్నాడు. ఆమె మొగుడు ఫోన్ కట్టేసి, పెళ్ళాం వంక నోరు తెరుచుకుని చూశాడు. "నువ్వు తిన్నావా?"

"తినలేదండీ, తవ్వాను. రోజూ. వీడు పోతాడేమోనని..."

ముగ్గురూ చేలోకి వెళ్ళారు. ఈసారి బావ బూట్లతోనే గేటు దాటాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కొయ్యకాళ్ళ మధ్య నుంచి పచ్చటి సాళ్ళు ఆ చివరి దాకా పరుచుకుని కనిపించాయి. గేటు దగ్గర మాత్రమే గుంటలు. తమ్ముడు నడుం పట్టుకుని వంగి, ఒక గుంటలోంచి టీ చెంచా పైకి తీశాడు.

"బావా, నీ ఎలక దొరికింది. స్టీలుది."

"తవ్వినదాన్ని కప్పేదాన్నేరా," అంది అక్క.

"నువ్వు కప్పి ఇటు తిరిగేసరికి కాకులు గింజను తవ్వి తినేవి. ఇక్కడుందని నువ్వే వాటికి చూపించావు. సరేగానీ, చేను కడుపు కోసి చూసినదానివి నువ్వొక్కదానివే. గింజ ఎక్కడ బాగా కూర్చుంది?"

అక్క కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "డిస్కుల వైపు గడ్డి తెగలేదురా. మిషను దాన్ని మడిచి లోపలికి తోసింది. గింజ గడ్డి మీద కూర్చుంది, దానికి మట్టే తగల్లేదు. కర్రుల వైపు మెత్తటి మట్టిలో ఉంది. రాళ్ళు మాత్రం పైకొచ్చాయి."

వాళ్ళు చేను లోపలికి నడిచి చూశారు. కోతమిషను గడ్డి దట్టంగా వదిలిన చోటల్లా డిస్కుల సాళ్ళు పలచగానే ఉన్నాయి. కర్రుల సాళ్ళు నిండుగా ఉన్నాయి.

"రాళ్ళు ఏరుకోవచ్చు. గడ్డిని బతిమాలలేం," అన్నాడు తమ్ముడు. "కర్రులదే తీసుకుందాం బావా."

"మరి ఆ ఫ్యాను కింద కుర్చీ?"

"ట్రాక్టరుకే ఫ్యాను పెట్టించు."

పైనున్న రెండో చేను విత్తే రోజున కొత్త డ్రిల్లు వాకిట్లో ఎర్రగా మెరుస్తూ నిలబడింది. తమ్ముడు సీటెక్కి, నడుం కింద దిండు సర్దుకుని, కావాలనే గట్టిగా అరిచాడు.

"పోతున్నానక్కా!"

అక్క వంటింటి కిటికీలో లేదు. పైట బిగించి, పాత చెప్పులు తొడుక్కుని, మిషను వెనకే నిలబడి ఉంది. గింజ ఎంత లోతున పడిందో చూడ్డం ఇప్పుడు ఆమె పని, విత్తిన రోజు మాత్రమే, అదీ కాలితో గట్టిగా నొక్కి కప్పాలన్న షరతు మీద. చేతిలో చెంచా ఉంది.

"పోరా పో," అంది. "నేనూ వెనకాలే వస్తున్నాగా."