జడల బర్రెకు దువ్వెన

నేను ఒక దువ్వెనను. ఎక్కడ పుట్టానో, ఏ అచ్చులోంచి ఊడిపడ్డానో గుర్తులేదు. తెలివి వచ్చేసరికి నరసాపురంలో భావనారాయణ గారి ఫోటో స్టూడియోలో ఉన్నాను. ఎవరైనా ఎత్తుకుపోతారని అద్దం పక్కన మేకుకు దారంతో కట్టేశారు. మనుషులు చిత్రమైనవాళ్లు. ఏడాదంతా ఎలా తిరిగినా ఫరవాలేదు గానీ, ఫోటోలో మాత్రం పాపిడి వంకరపోకూడదు. పెళ్లిచూపుల ఫోటోకని వచ్చిన బట్టతలాయన కూడా నన్ను వదల్లేదు.

ఊరందరినీ ముస్తాబు చేశాను గానీ, నేను ఒక్క ఫోటోలోనూ పడలేదు. జనం ఫోటో చూసుకుని "బాగా పడ్డాను" అని మురిసిపోయేవారు. సరిగ్గా పడకపోతే భావనారాయణ గారిని తిట్టేవారు. బాగున్న ఫోటోను ఎవరు తీశారని మాత్రం ఒక్కరూ అడగలేదు. కింద తన పేరు రాసుకోదగ్గ ఫోటో ఒక్కటైనా తీయాలని ఆయన కోరిక. ఈలోగా చేతులు వణకడం మొదలైంది. ఇక ఆగితే లాభం లేదని, ఆ చలికాలం పాత రీలు కెమెరా పట్టుకుని భార్య శేషారత్నం గారితో సిక్కిం బయల్దేరారు. మంచులో జడల బర్రెను, అదే యాక్‌ను, తీయాలట. జడ అన్న మాట వినగానే నా పళ్లు జివ్వుమన్నాయి. అలవాటుకొద్దీ నన్నూ జేబులో వేసుకున్నారు.

అక్కడ అంతా తెల్లగా, చప్పుడు లేకుండా, సగం నిద్రలో చూసినట్టు ఉంది. కొండ అంచున సూర్యుడు వాలుతున్నాడు. జడల బర్రె వెంట్రుకలు మంచును తాకుతున్నాయి, ప్రతి కొసా వెలుగుతోంది. కానీ ముంగురులు కళ్లను కప్పేశాయి.

"కళ్లు కనపడాలి" అని గొణుక్కుంటూ ఆయన నన్ను తీసి దాని నుదురు దువ్వసాగారు. దాని తాడు పట్టుకున్న యజమానురాలు పకపకా నవ్వింది.

"ఏవండీ, అదేవన్నా పెళ్లికూతురా దువ్వడానికి? పొద్దుగూకిపోతంది, కానివ్వండి!" అన్నారు శేషారత్నం గారు.

నేను ఆ జుట్టులో కూరుకుపోయాను. పొగవాసన, గడ్డివాసన, వెచ్చదనం. ఏ తలలోనూ నాకంత హాయి దొరకలేదు. వెలుగు జారిపోతుంటే ఆయన కంగారుగా కెమెరా దగ్గరికి పరుగెత్తారు. జడల బర్రె తలెత్తి ఆయన్ని సూటిగా చూసింది. ఆయన ఊపిరి బిగబట్టారు. చెయ్యి వణకలేదు. మీట నొక్కగానే సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు.

ఇంటికొచ్చి రీలు కడిగి ఫోటో వేశాక శేషారత్నం గారు "అయ్యో, దువ్వెన కూడా పడిందండీ!" అని నొచ్చుకున్నారు. నిజమే. వెలిగే జుట్టు మధ్య, సరిగ్గా నుదుటి మీద నేను! నన్ను చెరిపేస్తారని బెంగపడ్డాను. ఆయన ఫోటోను వెలుతురుకు పట్టి చూశారు.

"ఉండనీవే. ఇన్నేళ్లూ మనతోపాటే పనిచేసింది" అని, ఫోటో కింద తన పేరు రాసుకున్నారు.

ఇప్పుడు రెండు పళ్లు ఊడి, మళ్లీ నా మేకుకే వేలాడుతున్నాను. ఎదురు గోడ మీద ఆ ఫోటో ఉంది. వచ్చినవాళ్లు తల దువ్వుకోవడం మరిచిపోయి అటే చూస్తారు. "ఎవరు తీశారండీ ఇది?" అని అడుగుతారు. ఆయన పేరు చెప్పుకుంటుంటే నేనూ అటే చూసుకుంటాను. ఏమాటకామాటే చెప్పాలి, బాగానే పడ్డాను.