ఐదో పేరా

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆ హాల్లో నలభై మిషన్లు ఒక్కసారిగా తిరుగుతుంటే పక్కనున్నవాళ్ళు తుమ్మినా వినపడదు. అలాంటి చోట కూడా కాజాల అక్క గొంతు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు వినిపిస్తుంది. పదహారేళ్లుగా చొక్కాలకు కాజాలు కుడుతోంది కాబట్టి ఆవిడకు ఆ పేరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంటుంది, దానితో ఎవరికీ పని పడదు.

ఆ రోజు కొత్తగా చేరిన అమ్మాయి ఒక జేబును వంకరగా కుట్టింది. ఎవరూ చూడకముందే పీకేద్దామని జేబు పట్టుకుని ఒక్క లాగు లాగింది. పర్రుమని చొక్కా చిరిగింది.

"ఏయ్ పిల్లా! లాగుతావేంటే? అదేమన్నా పంటి నొప్పా, పీకి పారేయడానికి?" అంటూ అక్క లేచి వచ్చింది. "కుట్టు తప్పయితే విప్పాలి. ఇదిగో, ఈ బుల్లి కత్తితో ఒక్కో దారం తెంపుకుంటూ పోవాలి. అప్పుడు జేబూ బాగుంటుంది, చొక్కా బాగుంటుంది."

"నువ్వు ఇవాళ ఏం తిట్టినా పడతాంలే అక్కా," అంది పక్క మిషను ఆవిడ. "మాస్టారేమో గడ్డం గీసుకొచ్చారు, నువ్వేమో ఇస్త్రీ బట్టల్లో దిగావు. ఏంటి సంగతి?"

హాలంతా గొల్లుమంది. కటింగ్ మాస్టారు తల దించుకుని, ఎన్నడూ లేనిది, గీత పక్కన కత్తెర వేశారు. భార్య పోయి ఆరేళ్లయిన మనిషి ఆయన. సంగతి అందరికీ తెలిసిందే. భోజనం టైములో ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి పెళ్లికి దరఖాస్తు ఇచ్చి రావాలనుకున్నారు.

వెళ్ళారు. అరగంటలో తిరిగొచ్చేశారు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

జరిగింది ఇదీ. మొదటి పెళ్లి సంగతేమిటని అక్కడి అధికారి అడిగాడు. అక్క ధీమాగా ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసింది. నాలుగేళ్ల కిందట ఆవిడా, లిఫ్టులు బాగుచేసే వాళ్ళాయనా కలిసి రాసుకున్న కాగితం అది. "మేమిద్దరం ఎలాంటి గొడవలూ లేకుండా, ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం" అని అందులో ఉంది. కింద ఇద్దరి సంతకాలు, సాక్షిగా అక్క అన్నయ్య సంతకం, పైగా ఒక గుండ్రటి ముద్ర.

అధికారి చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు. "బాగానే రాసుకున్నారమ్మా. కానీ ఇది విడాకులు కాదు. కోర్టు ఇచ్చే డిక్రీ కావాలి. అది వచ్చేదాకా మీరు ఆయన భార్యే."

చూడండి, ఇది కాజాల అక్క ఒక్కతే చేసిన పొరపాటు కాదు. కాగితం మీద గుండ్రటి ముద్ర కనపడితే చాలు, అదే చట్టం అనుకుంటాం మనం. ఇన్నేళ్లు విడిగా ఉంటే పెళ్లి దానంతటదే రద్దయిపోతుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. పెళ్లేమన్నా పాలప్యాకెట్టా, తేదీ దాటితే దానంతటదే విరిగిపోవడానికి?

సరే, పొరపాటు తెలిసింది కదా, ఇక దిద్దుకుంటే పోయేది. అక్కడే అక్క రెండో పొరపాటు చేసింది.

కోర్టు గేటు ఎదురుగా రేకుల నీడలో ఒక టేబుల్ వేసుకుని, కంప్యూటరు పెట్టుకుని ఒక పెద్దమనిషి పిటిషన్లు టైపు చేస్తుంటాడు. ఆయనను అందరూ ఫార్మాట్ మాస్టారు అంటారు. అన్నీ ఆయన దగ్గర సిద్ధంగా ఉంటాయి. పేర్లు మార్చడమే తరువాయి.

"విడాకులా? పావుగంట కూర్చోమ్మా," అన్నాడు. "పెళ్లెప్పుడు, పిల్లలెందరు, చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"ఏం రాస్తున్నారు బాబాయ్ గారూ?"

"అందరికీ రాసేదే. కేసు గట్టిగా ఉండాలి కదమ్మా."

అక్కకు చదవడం వచ్చు. కానీ పన్నెండు పేజీలు. అవతల మిషను ఆగిపోయి ఉంది, సూపర్‌వైజరు రెండుసార్లు ఫోను చేశాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది. మనలో మాట, మనమూ అంతే కదా? చొక్కా కొనేటప్పుడు గుండీలన్నీ లెక్కపెట్టుకుంటాం, కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం పేజీ తిప్పం.

కోర్టులో పిటిషన్లు తీసుకునే కిటికీ వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంటుంది. లైనులో నిలబడ్డవాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు తిరుగుటపా మేడమ్. వెళ్ళిన కాగితం వెళ్ళినట్టే తిరిగొస్తుందని. అక్క కళ్ళు మొదటిరోజే ఆవిడ స్వెటరు మీద పడ్డాయి. ముంజేతి దగ్గర గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది.

మొదటిసారి మేడమ్ పిటిషను చూసి, "మీరిద్దరూ ఆఖరున ఎక్కడ కాపురం చేశారో రాయలేదు. అది లేకపోతే మీ కేసు ఏ కోర్టు కిందికొస్తుందో ఎలా తెలుస్తుందమ్మా?" అని తిప్పి పంపింది. రెండోసారి పెళ్లి సర్టిఫికెట్ నకలు లేదని, మూడు పేజీల మీద సంతకాలు లేవని తిప్పి పంపింది.

"ఇంటిదగ్గర అన్నం తినలేదేమో ఆవిడ, మన కాగితాలు తింటోంది," అని అక్క హాల్లో అందరికీ చెప్పి నవ్వించింది. కటింగ్ మాస్టారు మాత్రం, "కంగారేం లేదు. ఆరేళ్లు ఆగినవాడిని, ఇంకొన్నాళ్ళు ఆగలేనా," అన్నారు.

మూడోసారి వెళ్ళేటప్పుడు, బలంగా ఉంటుందని అక్క ఆ ముద్ర ఉన్న పాత కాగితాన్ని కూడా వెనక జతచేసింది. మేడమ్ దాన్ని చదివింది. మళ్ళీ వెనక్కి తిప్పి, పిటిషనులో ఐదో పేరా చదివింది. కళ్ళజోడు తీసి అక్క వంక చూసింది.

"మీ ఆయన తాగొచ్చి కొట్టేవాడామ్మా?"

"అయ్యో, ఎవరండీ చెప్పింది? ఆయన చెయ్యెత్తిన మనిషి కాదు."

"పరాయి ఆడదానితో తిరిగేవాడా?"

"లిఫ్టులతోనే సరిపోయేది మేడమ్ ఆయనకి. నాతోనే మాట్లాడేవాడు కాదు, ఇంక పరాయివాళ్ళతోనా?"

మేడమ్ పిటిషన్ను కిటికీలోంచి ఇటు తిప్పి, వేలు పెట్టి చూపించింది. అక్క చదివింది. ఐదో పేరాలో తాగుడు, దెబ్బలు. ఆరో పేరాలో పరాయి సంబంధం. కింద, "పై విషయాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని ఉంది. దాని కింద తన సంతకం, తన చేత్తో పెట్టిందే.

"ఆ పాత కాగితంలో గొడవలేమీ లేవన్నారు. ఇందులో కొట్టాడన్నారు. రెండిట్లో ఒకటే నిజం అవ్వాలి," అంది మేడమ్. "ఇది నేను తీసుకుంటే దీని నకలు నోటీసుతోపాటు మీ ఆయన ఇంటికి వెళ్తుంది."

"ఇంటికా?"

"మరి? ఆయన చదువుకుని జవాబు చెప్పుకోవద్దూ?"

అక్క కిటికీ చట్రం పట్టుకుని నిలబడిపోయింది. ఎందుకో మీకు చెప్పాలి. అక్కకు పదకొండేళ్ల కూతురుంది. బస్సు మీద బోర్డు దగ్గర్నుంచి మందు సీసా మీద అక్షరాల దాకా, కనపడిందల్లా పైకి చదివే పిల్ల. ప్రతి ఆదివారం నాన్న దగ్గరుంటుంది. వెళ్ళగానే కింద పోస్టు డబ్బా తెరిచి ఉత్తరాలన్నీ పట్టుకెళ్ళి నాన్నకు చదివి వినిపిస్తుంది. ఆ నోటీసు కూడా అలాగే చదివేది. గడగడా, గుక్క తిప్పుకోకుండా, ఐదో పేరా దాకా. తన తల్లి ప్రమాణం చేసి చెప్పిందని నమ్మేది.

"ఇచ్చెయ్యండి మేడమ్, ఇచ్చెయ్యండి," అంటూ కాగితాలు లాక్కుంది.

"నిజంగా కొట్టే మనిషైతే కొట్టాడనే రాయండి, సిగ్గుపడి దాచుకోకండి. చట్టం ఉన్నది అందుకే," అంది మేడమ్. "కొట్టనివాడిని కొట్టాడని మాత్రం రాయకండి. ఇద్దరికీ ఇష్టమైతే ఉమ్మడి పిటిషన్ ఉంటుంది. అందులో ఎవరి మీదా నేరం మోపక్కర్లేదు. ఈ వరండా చివర ఉచిత న్యాయ సహాయం గది ఉంది, అక్కడ లాయరమ్మ రాసిపెడుతుంది. ముందు ఇంటికెళ్ళి మీ ఆయనతో మాట్లాడండి."

మర్నాడు టీ టైములో అక్క మెట్ల మీద కూర్చుని వాళ్ళాయనకు ఫోను చేసింది. పదేళ్ల కాపురంలో వాళ్ళిద్దరి మాటలు తగ్గి తగ్గి, చివరికి ఫ్రిజ్ మీద అంటించే చీటీలయ్యాయి. "పాలు తెచ్చాను." "గ్యాసు అయిపోయింది." అందుకే ఏం మాట్లాడాలో కూడా ఇద్దరికీ తెలియదు.

"ఏమండీ, ఆ కాగితం చెల్లదంట."

"ఏ కాగితం? మీ అన్నయ్య ముద్ర కొట్టించి తెచ్చిందా?"

"అదే. కోర్టుకెళ్ళాలంట."

అవతల లిఫ్టు తలుపు మూసుకున్న శబ్దం వినిపించింది. "అంటే, నువ్వింకా నా పెళ్ళానివా?"

"అంతే మరి."

"నాలుగేళ్ల నుంచీనా? ఒక్కరూ చెప్పలేదేంటి!"

అక్కకు నవ్వాగలేదు. అవతల ఆయన కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి నవ్వి ఎన్నేళ్లయిందో. ఆ నవ్వు సద్దుమణిగాక అక్క ఐదో పేరా సంగతి దాచకుండా చెప్పింది. చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకుంది.

ఆయన మెల్లగా, "అది పిల్ల చేతిలో పడుంటే నేను చచ్చిపోయేవాణ్ణి ఇదిగో," అన్నాడు. పెళ్లయిన కొత్తలో నుంచీ ఆయన భార్యను "ఇదిగో" అనే పిలుస్తాడు. "ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు."

"చదివి పెట్టండి," అంది అక్క.

ఇద్దరూ కలిసి వెళ్ళారు. లాయరమ్మ ఉన్నదున్నట్టు రాసింది. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ కాపురం, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది, ఏ రోజు తండ్రి దగ్గరకు వెళ్తుంది. ఐదు పేజీలు. ఇద్దరూ ప్రతి పేజీ చదివి సంతకం పెట్టారు. ఈసారి మేడమ్ కాగితం తిప్పలేదు, నంబరు వేసింది. లైనులో వెనకున్నాయన నోరెళ్ళబెట్టాడు.

తర్వాత గడువు ఉంటుంది. మామూలుగా అది ఆరు నెలలు, కానీ కేసును బట్టి కోర్టు తగ్గించవచ్చు కాబట్టి పక్కింటివాళ్ళకు పట్టినన్ని నెలలే మీకూ పడతాయనుకోకండి, కోర్టులోనే అడగండి. గడువు తీరాక జడ్జిగారు ఇద్దరినీ పిలిచి, ఎవరైనా బలవంతం చేశారా, మనసు మార్చుకున్నారా అని విడివిడిగా అడిగారు. లేదని చెప్పారు. పిల్ల గురించి రాసుకున్నది చదివి, "ఇది బాగుంది," అన్నారు. అంతే, డిక్రీ వచ్చింది.

నకలు తీసుకునే రోజు పిల్లకు బడి లేదు, వెంట వచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చుని, అడగకుండానే ఆ కాగితం అందుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాన్న. కొంచెం దూరంలో, తనకు సంబంధం లేనట్టు, కటింగ్ మాస్టారు. పిల్ల చివరిదాకా చదివింది. మళ్ళీ మొదటి పేజీకి తిప్పింది.

"ఇందులో ఎవరి తప్పూ రాయలేదేంటమ్మా?"

"లేదు కాబట్టి," అన్నాడు వాళ్ళ నాన్న.

పిల్ల తల ఊపి, కాగితం మడిచి జాగ్రత్తగా కవరులో పెట్టింది. అక్క కళ్ళు తుడుచుకుని తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్ళింది.

"మేడమ్, మీకు దండం పెట్టాలి."

"నాకెందుకమ్మా? నేను చేసిందేముంది, మూడుసార్లు తిప్పి పంపాను."

"ఆ మూడోసారికే మేడమ్. మొదటి రెండుసార్లకీ మిమ్మల్ని తిట్టుకున్నాను, ఏమీ అనుకోకండి. ఒక్కసారి ఆ చెయ్యి ఇటివ్వండి."

మేడమ్ అర్థంకాక చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టింది. అక్క సంచిలోంచి సూది తీసి, స్వెటరుకు వేలాడుతున్న ఆ గుండీని అక్కడే నిలబడి గట్టిగా కుట్టింది. లైనులో ఉన్న పదిమందీ మెడలు చాచి చూశారు.

"ఇక ఊడదు," అంటూ అక్క సంచిలోని బుల్లి కత్తితో దారం తెంపింది. "ఎప్పుడైనా తీయాల్సొస్తే మాత్రం లాగకండి మేడమ్, విప్పండి. లాగితే బట్ట చిరుగుద్ది."

మేడమ్ గుండీని నిమిరి చూసుకుని నవ్వింది. "ముప్పై ఏళ్ల నుంచి ఈ కిటికీలో కూర్చుని నేను అందరికీ చెప్పాలనుకున్నది అదేనమ్మా. చట్టం కూడా మీ బుల్లి కత్తి లాంటిదే. నిదానంగా, ఒక్కో కుట్టూ విప్పుతుంది. ఆ నిదానం చూసి జనం విసుక్కుంటారు. అబద్ధంతో ఒక్క లాగు లాగేద్దామనుకుంటారు. అప్పుడు చిరిగేది పిల్లల మనసే."

అమ్మలారా, అయ్యలారా, కలిసి బతకలేక విడిపోవడం నేరం కాదు. అయితే ముద్రలను నమ్మకుండా కోర్టుకు వెళ్ళి, ప్రతి పేజీ చదివి, రేపు మీ బిడ్డ పైకి చదివినా తల దించుకోనక్కర్లేని నిజమే రాసి సంతకం పెట్టండి.