నిప్పుల మీది ముక్క

ఆ ఆదివారం ఇంట్లో మామ ఏసేపు, అత్త సుంకమ్మ, భర్త యేసుప్రసాద్, కూతురు స్తుతి, భోజనానికి పిలిచిన పాస్టరయ్యగారు, ఆయన భార్య అమ్మగారు ఉన్నారు. కృపారాణి కూడా ఉంది కానీ, వంటింట్లో ఉంది కాబట్టి ఎవరూ ఆమెను లెక్కలోకి తీసుకోలేదు.

పొద్దున్నే ఊళ్లో నాలుగిళ్లవాళ్లు కలిసి పొట్టేలు కోసి పోగులు వేసి పంచుకున్నారు. మాంసం ఇంటికొచ్చిందంటే కృపారాణి కాలు నిలవదు. మామకు పళ్లు లేవు, ముక్క నాలుక మీదే కరగాలి. భర్తకు ముక్క పంటికి తగలాలి, కాస్త మెత్తబడినా గంజి అంటాడు. అత్తకు నూనెలో నల్లగా వేగాలి. స్తుతికి ఎముక లేకుండా పీచులు తీసి పెట్టాలి. అన్నీ ఒకే సట్టిలో పొయ్యెక్కించి, ముందు భర్తవి తీసి, తర్వాత అత్తవి తీసి పెనం మీద వేసి, మామవి చివరిదాకా ఉడకనిస్తుంది. ఒకసారి భర్త ముక్క మామ కంచంలో పడింది. ముసలాయన దాన్ని నోట్లోంచి తీసి గోడకేసి కొట్టాడు. యేసుప్రసాద్ గోడను చూడలేదు, భార్యను చూశాడు. గోడ ఆమే కడిగింది.

అమ్మగారు తింటూ తింటూ చెయ్యి ఆపి అడిగింది.

"ఇంతమందికి ఇన్ని తీర్లు వండినావు. మరి నీకెట్లుంటే ఇష్టం కృపా?"

గరిటెతో వడ్డిస్తున్న కృపారాణి తలెత్తింది. యేసుప్రసాద్ ముక్క కొరుకుతూనే జవాబు చెప్పేశాడు.

"దానికెట్లుండినా ఒకటే అమ్మగారూ. సట్టి అడుగున ఏముంటే అది తింటాది."

అందరూ నవ్వారు. సర్దుకుపోయే ఆడది ఇంటికి దీవెన అన్నారు అయ్యగారు. స్తుతి కూడా నవ్వింది. ఆ నవ్వే కృపారాణికి గుచ్చుకుంది. చిన్నప్పుడు నాన్న పొట్టేలు కోసినప్పుడల్లా ఒక కండ నిప్పుల మీద వేసి, పైన మాడి లోపల ఎర్రగా ఉండగానే ఊది ఊది ఆమె చేతిలో పెట్టేవాడు. రసం మణికట్టు దాకా కారేది. పెళ్లయ్యాక ఆ రుచి నోటికి తగల్లేదు. తగలకపోతే పోయింది, కానీ ఇప్పుడు ఊరుకుంటే మొగుడన్న మాటే నిజమైపోతుంది. అమ్మకు ఇష్టమంటూ ఏదీ లేదని స్తుతి పెద్దయ్యాక కూడా అనుకుంటుంది. రేపు అదీ సట్టి అడుగునున్నదే తింటుంది.

"నాకు నిప్పుల మీద కాల్చింది ఇష్టం అమ్మగారూ," అంది. "పైన మాడాల. లోపల ఎర్రగా ఉండాల."

ఎవరూ నవ్వలేదు. అమ్మగారు కంచంలోకి చూసుకుంది. అయ్యగారు మజ్జిగ అడిగారు.

వాళ్లు అటు పోయారో లేదో యేసుప్రసాద్ మొదలుపెట్టాడు. సంఘంలో తలెత్తుకోకుండా చేసిందన్నాడు. రాక్షసిని కట్టుకున్నానని అందరికీ తెలిసిపోయిందన్నాడు. అడిగితేనే కదా చెప్పింది అనబోయింది కృపారాణి. అత్త అననివ్వలేదు.

"మేం కుక్కకు గూడా ఉడకేసి పెడతాం," అంది అత్త. "నీకంత నాలుక పీకుతాంటే పెరట్లో కాల్చుకో పో. ఈ ఇంట్లో ఆ కంపు వద్దు."

ఏడ్చి, అంట్లు ముందేసుకుంటుందనుకున్నారు. కృపారాణి రేపటికని పక్కన పెట్టిన పచ్చి మాంసంలోంచి ఒక కండ తీసుకుని పెరట్లోకి నడిచింది. నీళ్లపొయ్యిలో ఇంకా నిప్పులున్నాయి. బూడిద ఊది, కండను చీపురుపుల్లలకు గుచ్చి నిప్పుల మీద పట్టింది. ఇది ఈ రోజు తినలేకపోతే ఇక ఎప్పటికీ ఏదీ అడగలేనని ఆమెకు తెలుసు.

స్తుతి వెనక గడప మీదికొచ్చి ముక్కు మూసుకుంది.

"పాపా, రెండు ఉప్పురాళ్లు తెచ్చిపెట్టమ్మా."

"నువ్వు పచ్చిది తింటావంట గదా మా?"

"రా, కూసో. నువ్వూ రవ్వంత తిని చూడు."

స్తుతి ఒక కాలు గడప దాటించింది. లోపల్నుంచి సుంకమ్మ పిలుపు వినబడింది, తలుపేసి గడియ పెట్టి రమ్మని. పిల్ల అమ్మను చూసింది, లోపలికి చూసింది, కాలు వెనక్కి తీసుకుని తలుపు మూసింది.

లోపలి గడియ స్తుతికి అందదు. స్టూలు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపించింది. ఆ కాస్త సేపట్లో లేచి తలుపు తోసుకుని పోవచ్చు. కృపారాణి లేవలేదు. కండను రెండోవైపుకు తిప్పింది.