జర వంగుండ్రే!

మా రేగొండలో బతుకమ్మ ఆడాలంటే పాట ఎత్తుకునేది నేనే. పెళ్ళై వచ్చిన మరుసటేటి నుంచీ అంతే. ఈ రుక్కి వస్తేనే చప్పట్లు మొదలు, రుక్కి ఆపితేనే ఇళ్ళకు పోవడం. అలాంటిది ఈసారి స్రవంతి నాతో ఒక్క మాటైనా అనకుండా డీజే మాట్లాడింది. నిన్న గాక మొన్న మా వాడకు వచ్చిన కోడలు!

"డీజే ఎవలే?" అని స్రవంతినే అడిగాను.

"హసన్ బీ మనుమరాలు అమ్రీన్, అక్కా. డీజే కొట్టే ఆళ్ల అన్న ఫర్హాన్ మహదేవపూర్ల పెండ్లికి పోయిండట. నేనే చేస్త అన్నది."

నా ఒళ్ళు మండింది. నా కళ్ళ ముందు ముక్కు చీదుకుంటూ తిరిగిన పిల్ల అది.

"అయితే గా డబ్బాలకే మొక్కుకోండ్రి. నా బతుకమ్మ నేను అవతల పెట్టుకుంట. నా పాటకు వచ్చేటోళ్లు వస్తరు," అని తెగేసి చెప్పాను. అందరూ వస్తారనే నా ధీమా. రాకపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించనే లేదు.

పొద్దుగూకే వేళకు బడి ముందు జాగాలో రెండు గుంపులయ్యాయి. మా గుంపే పెద్దది. అటుపక్క ఆటోలోంచి దించిన రెండు స్పీకరు డబ్బాలు, బల్ల మీద ల్యాప్‌టాప్, స్రవంతి, ఆమె వెంట నలుగురైదుగురు ఆడపిల్లలు. అమ్రీన్ మొదటి పాట వేసింది. డబ్బా కుయ్యిమంది. పాట తెగిపోయింది. నాకెంత హాయిగా ఉందో! గొంతు ఇంకాస్త పెంచాను.

"ఒక్క పాట నిలవెట్ట చాతగాదు గని, డీజేనట!" అన్నాను మా తోడికోడలు విజయలక్ష్మితో.

అంతలో అటునుంచి ఇంకో పాట మొదలైంది. అందరికీ తెలిసిన ఉయ్యాల పాటే. ఎవరో ఆడమనిషి పాడుతోంది, కింద డప్పు దరువు పడుతోంది. నా పక్కనున్నామె చెవి అటు పెట్టింది. నవ్వింది. పక్కామెను గిల్లింది. ఇద్దరూ జారుకున్నారు. వాళ్ల వెనకే మరో నలుగురు. "ఇప్పుడే వస్త అక్కా" అని పోయినామె మళ్ళీ కనబడితే ఒట్టు.

చివరికి నేనూ విజయలక్ష్మీ మిగిలాం. ఇద్దరం బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే ఒకరినొకరు తరుముకుంటున్నట్టుంది. అటు చూస్తే జాతర.

"ఎవతే అది? ముక్కుతోటి పాడుతాంది. గొంతుల గంజి అడ్డంబడ్డట్టు! గిదానికా గంతమంది ఉరికిండ్రు?"

విజయలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. "అక్కా, నీకు నిజంగ ఎరుకలేదా?"

"ఎరుకైతే నిన్నెందుకు అడుగుత?"

ఆమె ఏదో చెప్పబోయింది. అప్పుడే పాట ఆగింది, దరువు ఆగింది. డబ్బాల్లోంచి ఒక్క అరుపు.

"జర వంగుండ్రే! నడుములు ఇరుగుతయా?"

ఆ మాట నాది. ఏటా ఆట మధ్యలో నేను అరిచే మాట. అంటే ఆ ముక్కు గొంతు కూడా నాదే!

దరువు దభీమని పడింది. అంతమందీ ఒక్కసారే వంగి చప్పట్లు కొట్టారు. దూరంగా నిలబడ్డ మగవాళ్ళు ఈలలేశారు. "మళ్ళ ఎయ్యి, మళ్ళ ఎయ్యి!" అని ఒకటే కేకలు.

ఇన్నేళ్ళూ నేను నోరు పోయేలా మొత్తుకున్నా కట్టెల్లా నిలబడ్డ నడుములు, డబ్బా చెబితే వంగాయి! ఇంతగా నేను ఎవరిని చూసీ కుళ్ళుకోలేదు. నా గొంతు విని నేనే కుళ్ళుకున్నాను.

విసవిసా అమ్రీన్ దగ్గరికి పోయాను. "నా గొంతు నన్నడగకుంట ఎట్ల పెట్టినవే?"

పిల్ల మొహం పాలిపోయింది. "పోయినేడు మా గోడ మీద కూసొని ఫోన్ల రికార్డు చేసిన, పెద్దమ్మా. నువ్వు లేకుంటే బతుకమ్మ ఎట్లయితది? నువ్వేమో అటు పోతివి. అందుకే ఏసిన. తప్పయితే తీసేస్త."

ఆమె వేలు మీట మీదికి పోయింది. అందరూ నా మొహమే చూస్తున్నారు. తీసెయ్ అంటే తీసేసేది. వచ్చిన దారినే అందరూ నా గుంపులోకి వచ్చేవాళ్ళు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

ఈలోపు డబ్బాలోంచి నేనే మళ్ళీ అరిచాను. "జర వంగుండ్రే!"

అందరూ వంగారు. నిటారుగా నిలబడింది నేనొక్కదాన్నే.

"నడుములు ఇరుగుతయా?"

వంగాను. వంగక ఏం చేస్తాను, తిట్టింది నేనే ఆయె. వంగి, చప్పట్లు కొడుతూనే అమ్రీన్ వైపు తల తిప్పాను.

"రేపు పొద్దుగాల ఫోన్ పట్టుకొని ఇంటికి రాయే. ముక్కు లేకుంట ఇంకోపారి పాడుత."