చల్లారేదాకా

ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చేసే బంగార్రాజుకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఒళ్లునొప్పులకి బిళ్లలు మింగుతూ, ఎర్రటి ఎండలో చెరువుగట్టు మీదే తిరిగాడు. విరేచనాలు కట్టాయి గానీ మూత్రమూ కట్టేసింది. ఊళ్లో సెలైను పెట్టిస్తే మొహం ఉబ్బింది తప్ప చుక్క రాలేదు. భార్య వీరదుర్గ కారు మాట్లాడి ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చింది. డయాలసిస్ మొదలుపెట్టారు. అయినా రక్తపరీక్షలో అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.

"ఏవండీ డాక్టరుగారూ, విరేచనాలు తగ్గిపోయాయి గదండీ. మరి రోగం ముదురుతుందేంటండీ?"

డాక్టర్ తేజశ్రీ రౌండ్స్ మధ్యలో ఆగి ఆమె పక్కనే కూర్చుంది.

"ఒంట్లో నీళ్లు చాలకా, ఆ నొప్పి బిళ్లల వల్లా కిడ్నీలో కణాలు కొన్ని చచ్చిపోయాయండి. అన్నీ గుట్టుగా పోవు. కొన్ని పగిలి లోపలున్నదంతా కక్కేస్తాయి. దాంతో ఒంట్లో కాపలా ఉండే తెల్లకణాలు, ఏవో క్రిములొచ్చాయనుకుని ఎగబడతాయి. వాపొస్తుంది. ఆ తొక్కిడిలో బాగున్న కణాలూ చస్తాయి. అవి పగిలితే మళ్లీ వాపు."

"చచ్చిన చేప తియ్యకపోతే నీళ్లు పాడై, పక్కవీ తేలిపోతాయి. అలాగాండీ?"

"కొంత అలాగేనండి. కాకపోతే ఇక్కడ కొట్టిన కాపలావాళ్లే తర్వాత చెత్త ఎత్తి బాగుచేస్తారు."

"ఆ వాపుని ఆపే మందుందాండీ?"

"ఇంకా రాలేదండి, వెతుకుతున్నారు. కిడ్నీకి మరో దెబ్బ తగలకుండా కాచుకుంటూ, అది చల్లారేదాకా డయాలసిస్‌తో నెట్టుకురావాలి. చాలామంది కోలుకుంటారు. ఈయన కోలుకుని తీరతారని మాత్రం మాటివ్వలేను."

లేదన్న మాటని కళ్లలోకి చూస్తూ, అంత మెత్తగా చెప్పిన మనిషిని వీరదుర్గ అంతవరకూ ఎరగదు. భయం తగ్గలేదు గానీ గురి కుదిరింది.

సాయంత్రం మరిది ప్రదీప్ సీసా పట్టుకొచ్చాడు. "గుండుగొలనులో ఇచ్చారు వదినా. నాటుమందు. రెండు గుక్కలు తాగితే మూత్రం వచ్చేస్తుందంట."

"వద్దు ప్రదీపూ. లోపల ఇప్పటికే రగులుతుంది."

"రేపు ఏదన్నా అయితే అందరూ నిన్నే అంటారు."

"అననీ. పట్టనివ్వను."

ఆ మాట అని ఆమె స్టూలు లాక్కుని మంచానికి అడ్డంగా కూర్చుంది.

మరి కొన్నాళ్లకి, ఖాళీగా వేలాడుతున్న మూత్రం సంచీ అడుగున పచ్చగా కాస్త చేరింది. వీరదుర్గ కేకకి తేజశ్రీ పరుగున వచ్చి, నేల మీద గొంతుక్కూర్చుని, సంచీని వెలుతురుకి పెట్టి చూసింది. పరీక్ష పాసైన పిల్లలా నవ్వేసింది. "మొదలైందండీ!"

బంగార్రాజు మెల్లగా తేరుకున్నాడు. డయాలసిస్ ఆపేశారు. నొప్పి బిళ్లలు అడగకుండా మింగొద్దనీ, పరీక్షలు మానొద్దనీ చెప్పి ఇంటికి పంపారు.

ఆ తర్వాత ఎవరు పలకరించినా వీరదుర్గ మిషన్ల గొప్ప చెప్పదు. "తెలిసింది విడమరిచి చెప్పి, తెలియంది తెలియదన్నారండీ ఆవిడ. చదువంటే అదండీ," అంటుంది.